గిన్నె బరువు తీసేసి తూచాలి: డిస్లెక్సియా, ప్రతిభ, న్యాయం గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అబ్బాయికి పన్నెండేళ్లు. మూడు నెలల కిందట అసెస్‌మెంట్ చేయిస్తే డిస్లెక్సియా అని, అంటే తెలివికి లోటు లేకపోయినా చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య అని రిపోర్టు వచ్చింది. అప్పటినుంచి బంధువులు "ఐన్‌స్టీన్‌కీ ఇదే ఉండేదట, మీవాడు మేధావి అవుతాడు చూడు" అంటూ ఫోటోలు పంపుతున్నారు. పరీక్షలో వాడికి అదనపు సమయం ఇస్తున్నారని తెలిసి తోటి తల్లిదండ్రులు కొందరు "మరి మా పిల్లలకు అన్యాయం కాదా" అని అడుగుతున్నారు. వాడికి ఈ పేరు చెప్పాలా, దాచాలా అని మీరు నలిగిపోతున్నారు. క్లాసులో పైకి చదివించే రోజు వస్తే వాడికి కడుపునొప్పి వస్తోందని చివర్లో ఒక్క వాక్యం రాశారు. నాకు అన్నిటికంటే ఆ వాక్యమే గుచ్చుకుంది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

నేను ఇరవై రెండేళ్లుగా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా ఇలాంటి పిల్లల పక్కన కూర్చుంటున్నాను. "మీవాడిలో ఏదో అద్భుతశక్తి దాగుంది" అని తల్లిదండ్రులకు చెప్పడం ఎప్పుడో మానేశాను. అది అబద్ధమని కాదు, కొందరి విషయంలో అక్షరాలా నిజం. కానీ ఆ మాట వెనక ఒక షరతు నక్కి ఉంటుంది. చదువు సరిగ్గా రాకపోయినా ఫరవాలేదు, ఇంకోదాంట్లో గొప్పవాడైతే చాలు అని. ఆ ఇంకోటి దొరకని పిల్లవాడి సంగతేమిటి? బొమ్మలు మామూలుగా వేస్తాడు, ఆటల్లో మధ్యరకం, లెక్కల్లో అందరిలాగే. డిస్లెక్సియా మాత్రం ఉంది. వాడికీ అంతే న్యాయం జరగాలి కదా. న్యాయం చేయడానికి పిల్లవాడి దగ్గర ప్రతిభను రుసుముగా కట్టించుకోకూడదు. నా సమాధానమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

అసలు లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్తాను, మీకు మిగతావాళ్లతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. మాట్లాడటం పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. వింటూ ఉంటే వచ్చేస్తుంది. చదవడం అలా రాదు. మనిషి రాత కనిపెట్టి ఐదువేల ఏళ్ల పైచిలుకు, అంతే. చదవడం కోసమని పుట్టుకతో మెదడులో కేటాయించిన చోటేదీ లేదు. చూపుకు, ధ్వనికి, అర్థానికి పనిచేసే భాగాలను కలుపుతూ ప్రతి పిల్లవాడూ ఒక కొత్త దారి వేసుకోవాల్సిందే. డిస్లెక్సియా ఉన్నవాళ్లలో ఆ దారి పడటం కష్టమవుతుంది. చాలామందిలో చిక్కు కంటిచూపులో ఉండదు, మాటను చిన్నచిన్న ధ్వనులుగా విడదీసి, ఒక్కోదాన్నీ దాని అక్షరానికి తడుముకోకుండా జతచేయడంలో ఉంటుంది. గీత ఎక్కడ గీస్తామన్న దాన్నిబట్టి జనాభాలో 5 నుంచి 10 శాతం మందిలో ఇది ఉంటుందని సాధారణంగా చెప్తారు. కుటుంబాల్లో తరతరాలుగా నడుస్తుంది. 2022లో వచ్చిన ఒక పెద్ద జన్యు అధ్యయనంలో, డిస్లెక్సియా ఉన్న యాభై వేల మందికి పైగా పెద్దల వివరాలు చూస్తే దీంతో ముడిపడ్డ చోట్లు జన్యువుల్లో 42 కనిపించాయి. కాబట్టి "చిన్నప్పుడు నేను సరిగ్గా కూర్చోబెట్టి ఉంటే" అన్న మీ బాధను ఇక్కడితో వదిలేయండి. మీరు కూర్చోబెట్టడం, పెట్టకపోవడం వల్ల వచ్చింది కాదిది.

తెలుగులో ఇది కనిపించే తీరు కొంచెం వేరు. మన రాతలో రాసినట్టే పలుకుతాం కాబట్టి, ఇంగ్లిష్‌లో కనబడినంత కొట్టొచ్చినట్టు తప్పులు కనబడకపోవచ్చు. పిల్లవాడు తప్పుల్లేకుండానే చదువుతాడు, కానీ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతూ చదువుతాడు. రాయమంటే దీర్ఘాలు ఎగిరిపోతాయి. "చక్రం" కాస్తా "చర్కం" అవుతుంది. "అమ్మ"లో ఒత్తు మాయమవుతుంది. ప, వ, మ, య ఒకదాని బదులు ఒకటి వచ్చేస్తాయి. ఇవి నేర్చుకునే రోజుల్లో అందరు పిల్లలూ చేసే తప్పులే, కానీ వీళ్లలో ఏళ్ల తరబడి పోవు. 2001లో ఇటాలియన్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ మాట్లాడే డిస్లెక్సియా ఉన్నవాళ్లను పోల్చి చూసిన ఒక అధ్యయనం ఉంది. ఇటాలియన్ రాత తేలిక కాబట్టి వాళ్లు మిగతా ఇద్దరికంటే మెరుగ్గా చదివారు. మెదడులో ఎడమవైపు తేడా మాత్రం మూడు భాషలవాళ్లలోనూ ఒకేలా కనిపించింది. "తెలుగు బాగానే చదువుతున్నాడుగా, ఇంగ్లిష్‌లోనే ఎందుకు రాదు, బద్ధకం" అనే టీచర్లకు నేను చెప్పే సంగతి ఇదే.

తెలివికీ దీనికీ సంబంధం లేదన్న విషయం కొత్తగా తెలిసింది కాదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండ్ డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి రాశాడు. పేరు పెర్సీ. మాటల్లో, ఆటల్లో తోటివాళ్లకు ఏమాత్రం తీసిపోడు. చదవడం మాత్రం వచ్చేది కాదు. తన పేరునే అక్షరాలు తారుమారు చేసి "ప్రెసీ" అని వచ్చేలా రాసేవాడు. పాఠాలన్నీ నోటిమాటగా నడిస్తే బడి మొత్తంలో చురుకైనవాడు వీడేనని వాళ్ల మాస్టారు అన్నాడట. నూట పాతికేళ్లు దాటింది. ఆ మాస్టారికి అర్థమైంది ఇప్పటికీ కొందరికి అర్థం కాకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆ మాస్టారు చూసిందే నేనూ చూశాను. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చేవాడు, మీవాడి వయసే. నదులు ఎలా వంకరలు తిరుగుతాయో చెప్పే పాఠం ఒక పేజీ ఇచ్చాను. గీత కింద వేలు పెట్టుకుని మొదలుపెట్టాడు. మూడో లైనుకే పెదవులు ఎండిపోయాయి. ఒక లైను రెండుసార్లు చదివి, తర్వాతది వదిలేసి, వెనక్కొచ్చి, తొమ్మిది నిమిషాల్లో పేజీ ముగించాడు. "ఏం రాశారు ఇందులో?" అని అడిగాను. "తెలీదు మేడమ్" అన్నాడు. నిజంగానే తెలీదు. బలమంతా అక్షరాలు కూర్చుకోవడానికే ఖర్చయిపోయాక అర్థానికి ఏం మిగులుతుంది? అదే పేజీ నేను పైకి చదివి వినిపించాను. సగంలో నన్ను ఆపి, పెన్సిల్ తీసుకుని కాగితం వెనక వంపు గీశాడు. బయటి అంచున నీళ్లు జోరుగా పోతాయి కాబట్టి ఒడ్డు కోసుకుపోతుంది, లోపలి వైపు నెమ్మదిగా పోతాయి కాబట్టి ఇసుక మేట వేస్తుంది, అలా వంపు ఇంకా వంపు తిరుగుతుంది, ఒకరోజు ఈ మెడ దగ్గర తెగిపోయి చెరువు మిగిలిపోతుంది కదా అన్నాడు. చెరువు సంగతి నేనింకా చదవనే లేదు. బడిలో ఆ పాఠానికి వాడికి వచ్చినవి ఇరవైకి నాలుగు మార్కులు.

ఆ నాలుగు మార్కులు వాడికి నదుల గురించి ఎంత తెలుసో చెప్పవు. వాడు ఎంత తొందరగా చదవగలడో, స్పెల్లింగ్ ఎంత వచ్చో చెప్తాయి. ఏదైనా తూచేటప్పుడు ఖాళీ గిన్నె బరువు తీసేసి చూస్తాం కదా. తీయకపోతే మనకు తెలిసేది లోపలి సరుకు బరువు కాదు. గిన్నె బరువు తీసినందుకు ఆ సరుకువాడికి ఏదో మేలు చేశామని ఎవరూ అనుకోరు. అదనపు సమయం, పైకి చదివి వినిపించడం, పిల్లవాడు చెప్తుంటే రాసిపెట్టే స్క్రైబ్, కంప్యూటర్ మీద రాయనివ్వడం, ఇవన్నీ నా దృష్టిలో గిన్నె బరువు తీసేయడమే.

ఇక ప్రతిభ సంగతి. మీ బంధువులు పంపే ఫోటోల్లో ఐన్‌స్టీన్‌ని తీసేయండి. ఆయన ఆలస్యంగా మాట్లాడాడంటారు కానీ, డిస్లెక్సియా ఉండేదనడానికి గట్టి ఆధారం లేదు. డావిన్చీ విషయమూ అంతే. చనిపోయినవాళ్లకు మనం రోగ నిర్ధారణ చేయలేం. పైగా అవసరమూ లేదు. తమకు డిస్లెక్సియా ఉందని తామే చెప్పుకున్నవాళ్లు, బతికుండగా పరీక్ష చేయించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. నేను వాళ్ల కథలు చదివేటప్పుడు వాళ్లు ఎంత గొప్పవాళ్లయ్యారని చూడను. ఏ తలుపు మూసుకుంది, ఏ తలుపు ఎవరు తెరిచారు అని చూస్తాను. మీరూ అలా చదవండి.

కారల్ గ్రైడర్‌నే తీసుకోండి. 2009లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న శాస్త్రవేత్త. చిన్నప్పుడు స్పెల్లింగ్ కోసం ప్రత్యేక తరగతికి పంపేవారు, తనకు తెలివి లేదనే అనుకునేది. మాటలను ధ్వనుల ద్వారా కూర్చుకోలేక మొత్తంగా బట్టీ పట్టడం అలవాటు చేసుకుంది. తర్వాత రసాయనశాస్త్రం, శరీరశాస్త్రం చదివేటప్పుడు ఆ జ్ఞాపకశక్తే ఆమెకు కలిసొచ్చింది. పరిశోధనకు దరఖాస్తు చేసుకున్నప్పుడు క్లాసు మార్కులు బాగున్నాయి, ల్యాబ్ అనుభవం ఉంది, ప్రొఫెసర్ల ఉత్తరాలు బాగున్నాయి. జీఆర్ఈ స్కోరు మాత్రం తక్కువ. చాలా యూనివర్సిటీలు ఆ ఒక్క అంకె చూసి వద్దన్నాయి. కాల్‌టెక్, బర్క్‌లీ మాత్రం మిగతాదంతా కూడా చూశాయి. ఆమె బర్క్‌లీలో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ దగ్గర చేరి, 1984 క్రిస్మస్ రోజున క్రోమోజోమ్‌ల కొసలను కాపాడే టెలోమరేజ్ అనే ఎంజైమ్ ఆనవాలు మొదటిసారి చూసింది. బర్క్‌లీ కూడా ఆ అంకె చూసి ఆగిపోయి ఉంటే? ఆమె తెలివి అప్పుడూ అంతే ఉండేది, మనకు తెలిసేది కాదు.

డైనోసార్లను పరిశోధించిన జాక్ హోర్నర్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. అమెరికాలోని మోంటానా యూనివర్సిటీలో ఏళ్లకేళ్లు చదివాడు, డిగ్రీ మాత్రం రాలేదు. తనకున్నది డిస్లెక్సియా అని పెద్దయ్యాక గానీ తెలియలేదు. డిగ్రీ లేకపోయినా ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ మ్యూజియంలో శిలాజాలు శుభ్రం చేసి సిద్ధంచేసే ఉద్యోగం ఇచ్చారు. రాళ్లతో పని, కాగితాలతో కాదు. 1970ల చివర్లో మోంటానాలో డైనోసార్ గూళ్లు, వాటిలో పిల్లల ఎముకలు పట్టుకుని పరిశీలించి, కొన్ని డైనోసార్లు తమ పిల్లలను గూట్లో పెట్టి సాకేవని వాదించాడు. ఆ జాతికి 1979లో మయసారా అని పేరు పెట్టారు, అంటే మంచి తల్లి బల్లి అని. డిగ్రీ ఇవ్వని యూనివర్సిటీయే 1986లో ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

జాక్ డ్యుబోషే అనే స్విస్ శాస్త్రవేత్తకు 2017లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వో కాంటన్‌లో, అంటే స్విట్జర్లాండ్‌లోని ఆ రాష్ట్రంలో అధికారికంగా గుర్తింపు పొందిన మొట్టమొదటి డిస్లెక్సిక్ తానేనని, అది 1955లో అని తన జీవిత వివరాల్లో ఆయనే రాసుకున్నాడు. దానివల్ల కష్టపడేవాళ్లను అర్థం చేసుకోవడం తనకు వచ్చిందని కూడా రాశాడు. మీరు పేరు చెప్పాలా వద్దా అని అడిగారు కదా, ఈయన గుర్తుంటే మంచిది. ఆ పేరు ఆయనకు మచ్చ కాలేదు, కాస్త ఊపిరి తీసుకునే చోటు ఇచ్చింది.

దానికి ఎదురుగా జాకీ స్టీవర్ట్‌ని పెట్టి చూడండి. ఫార్ములా వన్‌లో మూడుసార్లు, 1969, 1971, 1973ల్లో ప్రపంచ చాంపియన్. అక్షరమాల మొదటినుంచి చివరిదాకా వరసగా చెప్పలేనని, కానీ నూర్‌బర్గ్‌రింగ్ పాత ట్రాక్‌లో ప్రతి మలుపూ, ఎక్కడ గేరు మార్చాలో సహా చెప్పగలనని ఆయనే అన్నాడు. ఆయనకు తన సమస్య పేరు తెలిసింది కొడుక్కి పరీక్ష చేయించినప్పుడు, నలభై దాటాక. ప్రపంచ చాంపియన్ అయ్యాక కూడా, బడిలో మొద్దు అనిపించుకున్న అవమానం ఆయన్ని వదల్లేదు. కవి ఫిలిప్ షుల్ట్స్ కథా ఇదే. పదకొండేళ్ల దాకా చదవడం రాలేదు, 58వ ఏట కొడుకు పరీక్షలప్పుడు తనకూ ఉందని తెలిసింది, 2008లో కవిత్వానికి పులిట్జర్ వచ్చింది. రాతే వృత్తిగా పెట్టుకున్న మనిషి! మీవాడి విషయం మీకు వాడి పన్నెండో ఏటే తెలిసింది. అది అదృష్టమనే నేను అంటాను.

వ్యాపారవేత్తల జాబితాలు మీరు చూసే ఉంటారు, వాటి జోలికి పోను. ఒక్క ఇంగ్వార్ కాంప్రాడ్ గురించి మాత్రం చెప్తాను. ఐకియా ఫర్నిచర్ కంపెనీ స్థాపించినవాడు, ఆయనకూ డిస్లెక్సియా ఉండేది. అంకెల కోడ్‌లు ఆయన బుర్రలో నిలిచేవి కావు. అందుకని సామాన్లకు నంబర్ల బదులు పేర్లు పెట్టించాడు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు. ఆ పద్ధతి కంపెనీ గుర్తుగా మారిపోయింది. యజమాని కాబట్టి పద్ధతినే తనకు తగ్గట్టు మార్చుకోగలిగాడు. ఒక గుమాస్తాకో, ఒక విద్యార్థికో ఆ వీలు ఉండదు. వాళ్ల తరఫున ఇంకొకరు మార్చాలి.

ఇంతకీ వీళ్లకు సహజంగా ఏదైనా అదనపు శక్తి ఉందా అంటే, పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. 2003లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. కాగితం మీద గీయగలం గానీ నిజంగా కట్టలేని ఆకారాలు ఉంటాయి కదా, ఎక్కడా పైకి చేరని మెట్ల లాంటివి, అలాంటివాటిని డిస్లెక్సియా ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే వేగంగా, అంతే కచ్చితంగా పట్టుకున్నారు. బొమ్మ మొత్తాన్ని ఒక్క చూపులో చూడటం వీళ్ల బలం కావచ్చని ఆ పరిశోధకులు అన్నారు. కానీ ఆకారాలు, దిశలు గుర్తించే వేరే పరీక్షల్లో తేడా కనబడలేదు, కొన్నిట్లో వీళ్లే వెనకబడ్డారు. కాబట్టి "వీళ్లందరూ చిత్రాల్లో ఆలోచిస్తారు" లాంటి మాటలను నేను నమ్మను.

నా కళ్లతో చూసింది చెప్పమంటే చెప్తాను. విని గుర్తుపెట్టుకోవడం చాలామందిలో పదునెక్కుతుంది, వేరే దారి లేదు కాబట్టి. అమెరికా ప్రభుత్వం తరఫున మైక్రోసాఫ్ట్ కేసు వాదించిన డేవిడ్ బోయిస్‌కి డిస్లెక్సియా ఉంది. కాగితాలు చూసుకుంటూ మాట్లాడటం కష్టం కాబట్టి కేసు మొత్తం తలలో పెట్టుకుని, సాక్షి మాట శ్రద్ధగా విని ప్రశ్న వేయడం ఆయన పద్ధతి. ఇంకొకటి, తెలియని విషయం ముందు ఈ పిల్లలు తొందరగా చేతులెత్తేయరు. మొదటి ప్రయత్నంలోనే రావాలన్న ఆశ వాళ్లకు చిన్నప్పుడే పోయి ఉంటుంది. ఆ ఓర్పు పుట్టుకతో వచ్చిన వరం కాదు, దెబ్బలు తిని సంపాదించుకున్నది. దాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ దెబ్బల్ని మర్చిపోకూడదు.

మనకు కనిపించేది గట్టెక్కినవాళ్లేనన్నది కూడా గుర్తుంచుకోవాలి. మొద్దు, సోమరి అనే మాటలు వినీవినీ బడి మానేసినవాళ్ల ఫోటోలు ఎవరూ పంపరు. నా దగ్గరికి నలభై ఏళ్లు దాటాక వచ్చినవాళ్లు ఉన్నారు. ప్రమోషన్ వస్తుందంటే భయపడి వద్దన్న మనిషి, ఫారం నింపాల్సి వస్తే కళ్లజోడు మర్చిపోయానని ప్రతిసారీ చెప్పే మనిషి.

ఇప్పుడు తోటి తల్లిదండ్రుల ప్రశ్న. వాళ్ల మీద కోపం పెట్టుకోకండి, అడగాల్సిన ప్రశ్నే అది. ఆ పరీక్ష దేన్ని కొలుస్తోందని వాళ్లను తిరిగి అడగండి. వేగాన్ని కొలిచే పరీక్షే అయితే, టైపింగ్ స్పీడు పరీక్షలాంటిదైతే, అదనపు సమయం ఇవ్వకూడదు, నేనూ ఒప్పుకుంటాను. చరిత్ర తెలుసా లేదా అని చూసే పరీక్ష అయితే వేగానికి అక్కడ పనేముంది? డిస్లెక్సియా లేని పిల్లవాడు, జవాబు తెలిస్తే ముందే రాసేసి కూర్చుంటాడు. అదనంగా పావుగంట ఇచ్చినా వాడి మార్కులు పెద్దగా మారవు. నన్నడిగితే అలాంటి పరీక్షల్లో అందరికీ సమయం పెంచేయాలి, అప్పుడు ఈ గొడవే ఉండదు. స్పెల్లింగ్ కూడా ఇంతే. భాష పరీక్షలో స్పెల్లింగ్‌కి మార్కులు తీసేయడంలో అర్థం ఉంది. సైన్స్ జవాబులో "కిరణజన్య" అన్న మాటలో ఒత్తు పోయిందని మార్కు కోస్తే అది సైన్స్ కొలిచినట్టు కాదు.

న్యాయస్థానాలు కూడా ఈ దారిలోనే ఆలోచించాయి. 2007లో బ్రిటన్‌లో తీర్పు వచ్చిన ఒక కేసు ఉంది. డిస్లెక్సియా ఉన్న ఒక సీనియర్ పోలీసు అధికారి ప్రమోషన్ పరీక్షలో తనకు ఇబ్బంది జరిగిందని కేసు వేశాడు. అంత పైకి వచ్చిన మనిషికి వైకల్యం ఏమిటన్నది అవతలి వాదన. పరీక్ష రాయడం కూడా మనిషి మామూలు జీవితంలో భాగమేనని, ఆయన ఎంత పైకొచ్చాడన్నది కాక, ఆ ఇబ్బంది లేకపోతే ఎలా చేసేవాడో దాంతో పోల్చాలని అప్పీలు ట్రిబ్యునల్ చెప్పింది. "బాగానే చదువుతున్నాడుగా, ఇంకా సాయం ఎందుకు" అనేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. 2012లో కెనడా సుప్రీంకోర్టు తీర్పు నాకు ఇంకా ఇష్టం. డిస్లెక్సియా ఉన్న ఒక పిల్లవాడికి ప్రత్యేక బోధన ఇచ్చే కేంద్రాన్ని డబ్బు లేదని మూసేశారు. ప్రత్యేక బోధన విలాసం కాదని, అందరికీ ఇస్తామన్న చదువు దగ్గరికి ఆ పిల్లవాడు చేరడానికి వేసే ర్యాంపు అని కోర్టు చెప్పింది. చక్రాల కుర్చీకి వేసే ర్యాంపుని విలాసమని ఎవరైనా అంటారా?

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 2006లో వచ్చింది. తగిన సర్దుబాటు చేయకపోవడం కూడా వివక్షేనని అందులో ఉంది. అమెరికా, బ్రిటన్, భారత్ వంటి చాలా దేశాల చట్టాలు డిస్లెక్సియాకు రక్షణ ఇస్తున్నాయి. భారత్‌లో 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. మీరు అడిగేది దయ కాదు, హక్కు. అయినా మెత్తగానే అడగండి. టీచరు మనవైపు ఉంటే చట్టం చేసేదానికంటే ఎక్కువ జరుగుతుంది.

సర్దుబాట్లు వచ్చాయి కదా అని చదవడం నేర్పడం ఆపేయకూడదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. స్క్రైబ్ దొరికాడని బోధన మానేయడం కూడా అన్యాయమే. ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని తేలికైనదాంతో మొదలుపెట్టి, వరసగా, విడమరిచి, మళ్లీమళ్లీ చెప్పే పద్ధతి పనిచేస్తుంది. అమెరికాలో డాక్టరు శామ్యూల్ ఆర్టన్, టీచరు అన్నా గిల్లింగామ్‌లు గత శతాబ్దం మొదటి సగంలో వేసిన బాట ఇది. పలుకుతూ, వింటూ, వేలితో రాస్తూ నేర్పిస్తారు. నెమ్మదిగా వస్తుంది, కానీ వస్తుంది. పన్నెండేళ్లకు ఆలస్యమైపోలేదు. పాఠ్యపుస్తకాలు మాత్రం ఈలోగా ఆడియోలో వినిపించండి, లేకపోతే చదవడం రానందుకు విషయజ్ఞానం కూడా పోతుంది. చూపు లేనివాళ్లతో పాటు చదవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు కూడా పుస్తకాలను వినే రూపంలోకి మార్చుకోవడానికి 2013 మరాకేష్ ఒప్పందం దారి తెరిచింది. "వినడం చదవడం కాదు" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

రంగు కళ్లద్దాలు, రంగు ప్లాస్టిక్ షీట్లు, కంటి వ్యాయామాలు, ప్రత్యేకమైన ఫాంట్లు అమ్మేవాళ్లు మీ దగ్గరికి వస్తారు. వాటి మీద డబ్బు పోయకండి. కంటి వ్యాయామాలు, రంగు అద్దాలు పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కంటివైద్యుల సంఘాలతో కలిసి 2009లోనే చెప్పింది. అక్షరాల మధ్య ఎడం పెంచితే మాత్రం కొందరికి చదవడం తేలికవుతుందని 2012లో ఇటలీ, ఫ్రాన్స్ పిల్లలతో చేసిన పరిశోధనలో తేలింది. అది కంప్యూటర్‌లో మీరే ఉచితంగా చేసుకోవచ్చు.

పేరు చెప్పాలా అంటే, చెప్పండి. మీరు చెప్పకపోతే వాడు తనకు తానే ఒక పేరు పెట్టుకుంటాడు, అది డిస్లెక్సియా కంటే చాలా ఘోరమైన పేరై ఉంటుంది. బహుశా ఇప్పటికే పెట్టుకునే ఉంటాడు. కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, ఏదైనా పని చేసుకుంటూ చెప్పండి. "నీ మెదడు విన్నది తొందరగా పట్టుకుంటుంది, అక్షరాలను నెమ్మదిగా పట్టుకుంటుంది. దానికి డిస్లెక్సియా అని పేరుంది. నీ తప్పు కాదు. నేర్పేవాళ్లున్నారు" అని చాలు. వాడికి ఏది బాగా వస్తుందో అది కూడా చెప్పండి, కానీ నిజంగా వచ్చేదే చెప్పండి. పొగడ్తలో అబద్ధం ఉంటే ఈ పిల్లలు ఇట్టే పట్టేస్తారు. "ఇంత తెలివైనవాడివి, ఇదెందుకు చదవలేవురా" అని మాత్రం ఎప్పుడూ అనకండి. మెచ్చుకున్నట్టే ఉంటుంది, కానీ వాడికి వినబడేది రెండో సగమే.

ఇక ఆ కడుపునొప్పి. వాడు నటించడం లేదు, నొప్పి నిజమే. తన వంతు ఎన్నో పేరా అవుతుందో బెంచీలు లెక్కపెట్టుకుంటూ, ఆ పేరాని లోపల్లోపల వల్లెవేసుకుంటూ, ముందువాళ్లు చదివింది ఒక్క ముక్క కూడా చెవికెక్కకుండా కూర్చునే పిల్లల్ని నేను ఎంతమందినో చూశాను. అలా లెక్కపెట్టుకున్నాక టీచరు మధ్యలో ఒకరిని వదిలేస్తే చాలు, ఇంకో పేరా మీదపడుతుంది. ఈ వారమే టీచర్ని కలవండి, రిపోర్టు మొదటి పేజీ తీసుకెళ్లండి. అందరి ముందూ హఠాత్తుగా చదివించొద్దని అడగండి. వాడికి చదవాలని ఉంటే, ఏ పేరానో ముందురోజే చెప్పి పంపమనండి. రాత్రి మీరు ఒకసారి చదివి వినిపించండి, తర్వాత ఇద్దరూ కలిసి చదవండి, ఆ తర్వాత వాడు ఒక్కడే. తడబడితే దిద్దకండి, ఆ మాట మీరు అందించి ముందుకు పోనివ్వండి. మొదటిసారి రెండు వాక్యాలు చాలు. టీచరు ఏమన్నారో ఇక్కడే రాయండి, ఒప్పుకోకపోతే ఉత్తరం ఎలా రాయాలో నేను చెప్తాను.